80 పడకల ఆసుపత్రిలో మొదటి రూపాయి దేనిమీద పెట్టాలి?

గోదారిగట్టు – వైద్యుడు, ఆసుపత్రి నిర్వాహకుడు, పశ్చిమ గోదావరి

సభ్యులందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో నేను, ఎనస్థీషియా వైద్యురాలైన నా భార్య కలిసి పద్దెనిమిదేళ్లుగా 80 పడకల ఆసుపత్రి నడుపుతున్నాము. ఎముకల విభాగం, ప్రసూతి, జనరల్ సర్జరీ, జనరల్ మెడిసిన్ ఉన్నాయి. మా ఇన్‌పేషెంట్లలో సగానికి పైగా ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద వచ్చేవారు, నాలుగోవంతు బీమా క్యాష్‌లెస్ వారు, మిగిలినవారు సొంత డబ్బు చెల్లించేవారు.

విస్తరణ కోసం బ్యాంకు మంజూరు చేసిన అప్పులో అరవై లక్షలు సాంకేతికతకు పక్కన పెట్టాను. దానికి నాలుగు ప్రతిపాదనలు పోటీ పడుతున్నాయి. పదేళ్ల నాటి బిల్లింగ్ సాఫ్ట్‌వేరును తీసేసి, ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి వరకు ఒకేచోట నడిచే కొత్త హాస్పిటల్ సాఫ్ట్‌వేరు పెట్టడం మొదటిది. ఎక్స్‌రే, సీటీ చిత్రాలను ఫిల్ము లేకుండా భద్రపరిచి ఏ గదిలోనైనా చూపించే ప్యాక్స్ రెండవది. ఛాతీ ఎక్స్‌రేలను కృత్రిమ మేధతో చదివించే సేవ మూడవది. రోగులు తమ ఫోనులోనే అపాయింట్‌మెంటు తీసుకుని రిపోర్టులు చూసుకునే యాప్ నాలుగవది. నాలుగూ ఒకేసారి చేయడం నాకు సాధ్యం కాదు.

నా మీదున్న ఒత్తిడిని కూడా చెప్పాలి. పథకం బకాయిలు నెలల తరబడి రావు, జీతాలు మాత్రం ఒకటో తారీఖున ఇవ్వాలి. అనుభవం వచ్చిన నర్సు రెండేళ్లకు మించి నిలవడం లేదు. మా పట్టణానికి గంట ప్రయాణ దూరంలో ఒక కార్పొరేట్ శాఖ రాబోతోందన్న మాట వినిపించినప్పటి నుంచి, జనం యంత్రాలనూ యాప్‌లనూ చూసే వస్తారని నా కుమారుడు వాదిస్తున్నాడు. ఇటువంటి నిర్ణయం తీసుకుని లాభపడినవారు గానీ నష్టపోయినవారు గానీ తమ అనుభవం వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల_పద్దు – ఆసుపత్రి ఖాతాల మేనేజరు, విజయవాడ

డాక్టరు గారూ, ఏ సాఫ్ట్‌వేరు కొనాలో తేల్చుకునే ముందు, గత ఆరు నెలల క్లెయిములను ఒకసారి బల్ల మీద పరిచి చూడండి. ఎంత మొత్తానికి పంపారు, ఎంత వచ్చింది, ఎంత కోత పడింది, ఏ కారణం చేత కోత పడింది అనే నాలుగు గడులు చాలు. ఆలస్యంగా వచ్చే డబ్బు వేరు, ఎప్పటికీ రాని డబ్బు వేరు. బకాయిల ఆలస్యం మీ చేతిలో లేదు. రెండు రాష్ట్రాలలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘాలు బకాయిల కోసం సేవలు నిలిపివేసేదాకా వెళ్లిన సందర్భాలు మనకు తెలిసినవే. కోతలలో ఎక్కువ భాగం మాత్రం మన కాగితాల వల్లనే పడుతుంది.

మా దగ్గర ఆ లెక్క తీసినప్పుడు తేలిన విషయాలు చెబుతాను. థియేటరు రిజిస్టరులో ఆపరేషను మొదలైన సమయం ఒకటి, ఎనస్థీషియా నోటులో ఇంకొకటి, నర్సింగ్ నోటులో మరొకటి ఉండేవి. ఇంప్లాంటు స్టిక్కరు కేస్‌షీటుకు అంటించకుండా ప్యాకెట్టుతో పాటు చెత్తబుట్టలోకి పోయేది. యాంటీబయాటిక్ మార్చినట్లు మందుల బిల్లులో కనిపిస్తుంది గానీ, ఎందుకు మార్చారో డాక్టరు రాసిన వాక్యం ఉండదు. క్లెయిము మీద క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) వచ్చేసరికి ఆ డ్యూటీ డాక్టరు పీజీ సీటు వచ్చి వెళ్లిపోయి ఉంటాడు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన కాలం నుంచి మనవాళ్లు ప్రీ-ఆథరైజేషను (చికిత్సకు ముందస్తు అనుమతి), ఫోటోలు, రిపోర్టులు ఆన్‌లైన్‌లోనే ఎక్కిస్తున్నారు. అంటే మన ఆసుపత్రులకు కంప్యూటరు కొత్త కాదు. కానీ ఇన్నేళ్లుగా మనం కంప్యూటరును క్లెయిము గదిలోనే ఉంచి, కాగితం మీద రాసినదాన్ని స్కాన్ చేసి పంపడానికే వాడుకున్నాము. రాత తప్పుగా ఉంటే స్కాను ఎంత స్పష్టంగా ఉన్నా ప్రయోజనం లేదు.

పన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున, మనం కొనేవాటి మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు మనకు లేదు. సాఫ్ట్‌వేరు మీద 18 శాతం అచ్చంగా ఖర్చే. ప్రతిపాదనలో అరవై లక్షలని ఉంటే, పన్ను అందులో ఉందో లేదో అడగండి. ఇంకొకటి, ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన వచ్చాక, సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులకూ సేవాసంస్థలకూ ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో చెల్లించకపోతే, ఆ ఏడాది ఆ ఖర్చును ఖర్చుగా చూపుకునే హక్కు పోతుంది, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. మనకు రావలసినది ఆరు నెలలకు వస్తుంది, మనం ఇవ్వవలసినది నెలన్నరలో ఇవ్వాలి. అందువల్ల కోతను తగ్గించే సాంకేతికతకే మొదటి రూపాయి వెళ్లాలన్నది నా అభిప్రాయం.

క్షకిరణం – రేడియాలజిస్టు, గుంటూరు

లెక్కల_పద్దు గారి మాటను గౌరవిస్తూనే ప్యాక్స్ తరఫున మాట్లాడతాను. డాక్టరు గారిది ఎముకల విభాగం బలంగా ఉన్న ఆసుపత్రి. తొడ ఎముకకు రాడ్డు వేసిన రోగి ఆరు వారాలకు తిరిగి వచ్చినప్పుడు, పాత ఎక్స్‌రే ఇంటి దగ్గర మరచిపోయి వస్తే, సర్జను కొత్త చిత్రాన్ని దేనితో పోల్చి చూడాలి? ఎముక అతుకుతున్నదా లేదా అన్నది పోలికలోనే తెలుస్తుంది. ఫిల్ముల ఖర్చు తగ్గడం, రాత్రివేళ వచ్చిన సీటీని ఇంట్లో ఉన్న రేడియాలజిస్టు చూసి చెప్పగలగడం అదనపు లాభాలు.

కృత్రిమ మేధ గురించి అడిగారు. వయోజనులలో క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రేలను జల్లెడ పట్టడంలో, చదివే మనిషికి బదులుగా సాఫ్ట్‌వేరును వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. వేలకొద్దీ ఎక్స్‌రేలు తీసి, చదివే నిపుణుడు లేని చోట అది నిజంగా ఉపకారం. మీ ఆసుపత్రిలో రోజుకు ముప్పైనలభై ఛాతీ ఎక్స్‌రేలు తీస్తూ, వాటిని చూసే ఫిజీషియను అక్కడే ఉన్నప్పుడు, ప్రతి చిత్రానికీ రుసుము కట్టి మీరు పొందేది తక్కువ. ఆ ప్రతిపాదనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ప్యాక్స్ కొనేటప్పుడు మాత్రం చిత్రాలు డైకామ్ అనే వైద్య చిత్రాల అంతర్జాతీయ ప్రమాణంలోనే నిల్వ అవుతాయనీ, రేపు ఇంకొక సంస్థకు మారితే పాత చిత్రాలన్నీ రోగి వివరాలతో సహా అదే రూపంలో అప్పగిస్తారనీ కాగితం మీద రాయించుకోండి.

రాత్రి_డ్యూటీ – నర్సింగ్ సూపరింటెండెంటు, ఖమ్మం

డాక్టరు గారికి నమస్కారం. ఇరవై మూడేళ్లుగా వార్డులలో పనిచేస్తున్నాను. మూడు ఆసుపత్రులలో కొత్త సాఫ్ట్‌వేరు రావడం చూశాను, వాటిలో రెండు చోట్ల అది వార్డులో విఫలమైంది. కారణం నర్సులకు కంప్యూటరు రాకపోవడమేనని రెండు చోట్లా పెద్దలు చెప్పారు. అది నిజం కాదు. బ్యాంకు, రైలు టికెట్టు, పిల్లల ఫీజు అన్నీ ఫోనులో చూసుకునే అమ్మాయిలకు తెర మీద బీపీ నింపడం రాదా?

అసలు కారణం రెండు రాతలు. సాఫ్ట్‌వేరు వచ్చింది, కానీ ఏ రిజిస్టరూ పోలేదు. వైటల్స్ (నాడి, బీపీ, ఊపిరి వేగం వంటివి) చార్టులో రాయాలి, మళ్లీ కంప్యూటరులో ఎక్కించాలి. మందుల ఇండెంటు పుస్తకంలో రాయాలి, మళ్లీ ఎక్కించాలి. అడ్మిషను రిజిస్టరు, డిశ్చార్జి రిజిస్టరు, ఇన్వెస్టిగేషను రిజిస్టరు, షిఫ్టు మారేటప్పుడు రాసి అప్పగించే ఓవర్ పుస్తకం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఎందుకు తీసేయరని అడిగితే, తనిఖీకి వచ్చినవారు అడుగుతారన్నారు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది వరకు ఇరవై నాలుగు మంది రోగులకు ఇద్దరు నర్సులు ఉన్న వార్డులో, రెండు రాతలలో ఏది ఆగిపోతుందో ఎవరైనా ఊహించగలరు.

ఆగిపోయిన రాత పొద్దున డ్యూటీ దిగే ముందు గుర్తున్నంతవరకు ఒకేసారి నింపబడుతుంది. అందుకే రాత్రంతా వైటల్స్ సరిగ్గా పన్నెండు, రెండు, నాలుగు, ఆరు గంటలకే తీసినట్లు కనిపిస్తాయి. లెక్కల_పద్దు గారు చెప్పిన వేళల తేడాలు ఇక్కడే పుడుతున్నాయి. డబ్బు కోత కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఒంటి గంటకు నాడి 96, మూడింటికి 118, ఊపిరి వేగం పెరుగుతోంది అన్న వరుస ఆ వేళకే చార్టులో ఉంటే, పడుకున్న డ్యూటీ డాక్టరును లేపడానికి ఇరవై రెండేళ్ల నర్సుకు ధైర్యం వస్తుంది. పొద్దున నింపిన చార్టులో ఆ వరుస కనిపించినా, అప్పటికి రోగిని ఐసీయూకు మార్చి ఉంటాము.

మూడవ ఆసుపత్రిలో ఇదే పని ఎలా నిలబడిందో చెబుతాను. అక్కడి సూపరింటెండెంటు ముందు ఒక్క వార్డునే ఎంచుకుని, మంచం పక్కకు నెట్టుకుపోయే బండి మీద ట్యాబ్లెట్ కంప్యూటరు పెట్టించి, సాఫ్ట్‌వేరు మొదలైన రోజునే ఆ వార్డులోని మూడు రిజిస్టర్లను తాళం వేసిన బీరువాలో పెట్టించారు. వార్డు మూలల్లో వైఫై అందకపోతే, సాఫ్ట్‌వేరు మొదలుపెట్టడానికి పది రోజుల ముందే కొత్త పాయింట్లు వేయించారు. నర్సులతో కూర్చుని తెర మీద గడులను నలభై నుంచి పదకొండుకు తగ్గించారు. మొదటి రెండు వారాలు ప్రతి షిఫ్టులో ఒక అదనపు నర్సును ఇచ్చారు. ఆ అదనపు జీతాన్ని కూడా సాఫ్ట్‌వేరు ఖర్చులోనే రాశారు. డాక్టరు గారూ, మీ అరవై లక్షలలో ఆ ఖర్చుకు చోటుందా?

ప్రవాస_తెలుగు – ఆసుపత్రి సమాచార వ్యవస్థల ఉద్యోగి, డల్లాస్

రాత్రి_డ్యూటీ గారు రాసినది చదివి మౌనంగా ఉండలేకపోయాను. అమెరికాలో 2009లో వచ్చిన హైటెక్ చట్టం ఆసుపత్రులకు ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం భారీగా ప్రోత్సాహకాలు ఇచ్చింది. 2008లో పది ఆసుపత్రులలో ఒకదానికి కూడా సరైన ఎలక్ట్రానిక్ రికార్డు లేని స్థితి నుంచి, 2015 నాటికి దాదాపు అన్నింటిలోనూ ధ్రువీకరించిన వ్యవస్థ వచ్చింది. అంత వేగంగా వచ్చినదానికి మూల్యమూ ఉంది. రికార్డును బిల్లింగు అవసరాల చుట్టూ కట్టడం వల్ల, వైద్యుడు రోగి ముఖం కంటే తెరను ఎక్కువ చూడవలసి వచ్చింది. నిన్నటి నోటును నకలు చేసి ఈరోజు అతికించే అలవాటు పెరిగి, పేజీలు పెరిగాయి గానీ అందులో రోగి స్థితిని వెతుక్కోవలసి వస్తోంది. ఇక్కడ వైద్యుల అలసటకు చెప్పే కారణాలలో ఇది ముందువరుసలో ఉంటుంది.

అందువల్ల ఒక చిన్న హెచ్చరిక. క్లెయిము కోతలు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుని తెరలు తయారుచేయిస్తే, బీమా సంస్థ అడిగే ప్రతి ప్రశ్నకూ ఒక గడి చేరుతుంది, రెండేళ్లలో పదకొండు గడులు మళ్లీ నలభై అవుతాయి. చికిత్సకు అవసరమైనదేదో నర్సు, డాక్టరు నిర్ణయించాలి. దానిలో నుంచి క్లెయిముకు కావలసినది తీసుకోవాలి.

సర్వర్_గది – ఆసుపత్రి ఐటీ విభాగం, హైదరాబాదు

చర్చ మంచి దారిలో ఉంది కనుక, ఎవరూ ఇంకా ఎత్తని రెండు విషయాలు రాస్తాను.

మొదటిది భద్రత. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తెరవలేకుండా తాళం పడిందనీ, నెట్‌వర్కును సరిగా విభజించి ఉంచకపోవడం వల్ల దాడి చేసినవారు లోపలికి రాగలిగారనీ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఓపీ చీటీల నుంచి ల్యాబు రిపోర్టుల వరకు రోజుల తరబడి చేతిరాతతో నడపవలసి వచ్చింది. దేశంలోని పెద్ద ఆసుపత్రులలో ఒకటి, ఎందరో సిబ్బంది ఉన్నందున తట్టుకుంది. 80 పడకల ఆసుపత్రికి అదే జరిగితే రెండు వారాల బిల్లింగు పోతుంది, ఆ నెల జీతాలు పోతాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఛేంజ్ హెల్త్‌కేర్ అనే క్లెయిముల సంస్థ మీద జరిగిన దాడిలో, పాస్‌వర్డు తరువాత అడిగే రెండో ధ్రువీకరణ లేని ఒక్క రిమోట్ ద్వారం గుండా దొంగలు వచ్చారు. దానితో తమ సర్వర్లలో ఏ లోపమూ లేని వేలాది ఆసుపత్రులకు, ఫార్మసీలకు డబ్బు ఆగిపోయింది.

కనుక సమాచారానికి మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఆసుపత్రి ఆవరణకు బయట ఉండాలి. ఇంకొకటి నెట్‌వర్కుకు తగిలించకుండా ఉండాలి. నెలకొకసారి ఆ నకలు నుంచి నిజంగా వెనక్కు తెచ్చి చూడాలి. ఎందరో నకలు తీస్తారు గానీ తెరిచి చూసేవారు తక్కువ. బిల్లింగు కౌంటరులో నలుగురూ ఒకే పాస్‌వర్డు వాడే అలవాటు రేపే మానిపించవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. సీటీ యంత్రంతో వచ్చిన పాత విండోస్ కంప్యూటరును బయటి ఇంటర్నెట్ నుంచి వేరు చేయండి.

చట్టం కూడా బిగుస్తోంది. సైబర్ సంఘటన తెలిసిన 6 గంటలలోపు సెర్ట్-ఇన్ అనే కేంద్ర సైబర్ భద్రతా సంస్థకు చెప్పాలన్న ఆదేశం 2022 నుంచి ఉంది. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే విధించగల జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. వాట్సాప్ గ్రూపులో రోగి రిపోర్టులు తిప్పుకునే పద్ధతిని ఈ గడువులోగానే మార్చుకోవాలి.

రెండవది ఒప్పందం. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేరు ఇచ్చిన చిన్న సంస్థ మూతపడింది. సమాచారం మా సర్వరులోనే ఉంది, కానీ డేటాబేసు పాస్‌వర్డు మా దగ్గర లేదు. ఏడేళ్ల రోగుల చరిత్రను తిరిగి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో కొంత ఎప్పటికీ రాలేదు. ఆ నాలుగు నెలలు పాత రోగి వచ్చిన ప్రతిసారీ ఏ మందు పడదో మళ్లీ అడగవలసి వచ్చేది. ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. డాక్టరు గారూ, సంతకం పెట్టే ముందు డేటాబేసు నిర్వాహక పాస్‌వర్డును కవరులో మీ బీరువాలో పెట్టమని అడగండి. ఒప్పందం ముగిస్తే సమాచారం ఏ రూపంలో, ఎన్ని రోజులలో ఇస్తారో రాయించండి. రెండవ ఏడాది నుంచి ఏఎంసీ (వార్షిక నిర్వహణ రుసుము) ఎంత శాతం పెరుగుతుందో కూడా అందులోనే ఉండాలి.

గోదారిగట్టు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. లైసెన్సు రుసుము లేని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు తీసుకుంటే ఎలా ఉంటుంది? బామ్నీ పేరు నా స్నేహితుడు చెప్పాడు.

సర్వర్_గది

బామ్నీ మంచి సాఫ్ట్‌వేరే. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల నుంచి పుట్టింది, ఓపెన్‌ఎంఆర్ఎస్ అనే ఓపెన్ సోర్స్ వైద్య రికార్డుల వ్యవస్థ మీద కట్టినది. మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వేరే దారి ఎంచుకుని, ఐస్మార్ట్ అనే రికార్డు వ్యవస్థను సొంతంగా కట్టుకుని, గ్రామాలలోని విజన్ సెంటర్ల వరకు అదే వాడుతోంది. రెండింటిలోనూ సాఫ్ట్‌వేరు పక్కన దానిని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉన్నారు. లైసెన్సు ఉచితమైనా, రాత్రి పదకొండింటికి సర్వరు ఆగితే వచ్చే మనిషి ఉచితం కాదు. మీ పట్టణంలో గానీ భీమవరం, రాజమహేంద్రవరంలలో గానీ అటువంటి బృందం మీకు దొరికితే తప్పక ఆలోచించండి.

పాత_కేస్‌షీటు – మెడికల్ రికార్డుల అధికారి, తిరుపతి

ఎంఆర్‌డీ (మెడికల్ రికార్డుల విభాగం) గదిలో కూర్చునేవాళ్లను ఇటువంటి నిర్ణయాలకు పిలవరు కనుక, ఇక్కడైనా చెబుతాను. కోర్టు నుంచి సమను వచ్చినా, బీమా వారి ఆడిటు వచ్చినా, రోగి తన రికార్డు అడిగినా చివరికి వెతికేది మేమే. వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. చెదలు పట్టిన అట్టపెట్టెలో నుంచి 72 గంటలలో తీయడమంటే ఏమిటో ఆ గదిలో నిలబడితేనే తెలుస్తుంది.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ గురించి ఎవరూ రాయలేదు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభమైన ఆ వ్యవస్థలో 14 అంకెల ఆభా సంఖ్యకు రోగి రికార్డులు ముడిపడతాయి. రికార్డు ఆసుపత్రిలోనే ఉంటుంది, రోగి సమ్మతి ఇచ్చినప్పుడే మరొకచోటికి వెళుతుంది. మీరు కొనే సాఫ్ట్‌వేరు మూడు మైలురాళ్లనూ దాటిందా అని అడగండి. ఆభా సృష్టించి సరిచూడడం మొదటిది, రికార్డును పంపగలగడం రెండవది, ఇతరుల రికార్డును సమ్మతితో చూడగలగడం మూడవది. చాలామంది మొదటిది మాత్రమే చేసి, అన్నీ ఉన్నాయని చెబుతారు. 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రోత్సాహక పథకం కింద డిజిటల్ రికార్డుల సంఖ్యను బట్టి, అర్హత ఉన్న సంస్థలు గరిష్ఠంగా 4 కోట్ల రూపాయల వరకు పొందే వీలు కల్పించారు. మీకు ఎంత వస్తుందో ఇప్పుడే లెక్కవేసి దాని మీద అప్పు తీర్చే పథకం వేసుకోవద్దు. కానీ పథకం ఇంకా కొనసాగుతోందో లేదో చూసుకుని, ఉంటే దరఖాస్తు చేయడం మానవద్దు.

యాప్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఆభా ద్వారా రిపోర్టు రోగి ఫోనులోకి వెళ్లే దారి ఏర్పడినప్పుడు, మన ఊరి ఆసుపత్రికి ప్రత్యేకంగా ఒక యాప్ ఎందుకు? ఓపీ దగ్గర క్యూఆర్ కోడు స్కాన్ చేసి టోకెను తీసుకునే సదుపాయం అందులోనే ఉంది.

చింతలపూడి_అబ్బాయి – రోగి కుమారుడు

నేను వైద్యరంగం వాడిని కాను. గత ఏడాది మా నాన్నగారికి తుంటి ఎముక ఆపరేషను జరిగింది. చికిత్స బాగా చేశారు, ఆ డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ డిశ్చార్జి రోజున ఉదయం తొమ్మిదింటికి ఇంటికి వెళ్లవచ్చని చెప్పినవారు, రాత్రి ఎనిమిదింటికి పంపారు. 78 ఏళ్ల మనిషి పదకొండు గంటలు బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చున్నారు. బీమా వారి దగ్గర నుంచి అనుమతి రాలేదన్నారు.

తరువాత నేను అనుమతి పత్రం మీది సమయం చూశాను. ఆసుపత్రి వారు పత్రాలు పంపినదే సాయంత్రం ఐదున్నరకు. డిశ్చార్జి సమ్మరీ రాసే డాక్టరు థియేటరులో ఉన్నారట, వాడని మందులు ఫార్మసీకి తిరిగి పంపడం పూర్తి కాలేదట. నాకు ఆ ఆసుపత్రి యాప్ కూడా ఉంది. అందులో మధ్యాహ్నమే సేవ ఎలా ఉందో చెప్పమని సందేశం వచ్చింది. డాక్టరు గారూ, యాప్ లేదని మేము మీ దగ్గరకు రావడం మానము. ఆ పదకొండు గంటలను మూడు గంటలు చేయగలిగితే, ఆ మాట ఊరంతా మేమే చెబుతాము.

లెక్కల_పద్దు

తమ్ముడు చెప్పినది ప్రతి ఆసుపత్రిలో రోజూ జరిగేదే. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు, డిశ్చార్జి అభ్యర్థన మీద 3 గంటలలోపు నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే 29 నాటి మాస్టర్ సర్క్యులరులో స్పష్టంగా ఆదేశించింది. ఆ 3 గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే, ఆ ఖర్చును బీమా సంస్థే తన వాటాదారుల నిధి నుంచి భరించాలని కూడా ఉంది. కానీ ఆ గడియారం మనం పత్రాలు పంపినప్పటి నుంచే నడుస్తుంది. అంతకు ముందరి ఎనిమిది గంటలు మనవి.

ఆ ఎనిమిది గంటల వ్యాపార నష్టం చూడండి డాక్టరు గారూ. రోజుకు ఆరు డిశ్చార్జిలు సాయంత్రానికి జారితే, ఆ ఆరు పడకల కోసం క్యాజువాలిటీలో ఎదురుచూసేవారిలో కొందరు వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారు. పడక నిండుగా ఉన్నట్లు కనిపిస్తుంది గానీ ఆదాయం రాదు. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో ధరల పరిమితి వచ్చిన తరువాత, సామాగ్రి మీద మిగులు తగ్గిపోయింది. ప్యాకేజీ ధరలు మన చేతిలో లేవు. ఇక మన చేతిలో మిగిలింది పడక ఎంత త్వరగా ఖాళీ అవుతుందన్నదే. డిశ్చార్జి సమ్మరీ చివరి రోజున మొదలుపెట్టి రాసేది కాకుండా, చేరిన రోజు నుంచి వార్డు నోట్ల ద్వారా తనంతట తాను కూడుతూ ఉంటే, చివరి రోజున డాక్టరు చదివి సంతకం పెడితే చాలు. మళ్లీ రాత్రి_డ్యూటీ గారి బండి మీది ట్యాబ్లెట్ దగ్గరికే వస్తున్నాము.

క్షకిరణం

ఇదంతా చదివిన తరువాత నా మాటను సవరించుకుంటున్నాను. వార్డు రికార్డు ముందు, ప్యాక్స్ తరువాత. అయితే వార్డు సాఫ్ట్‌వేరు ఎంచుకునేటప్పుడే, రేపు ఏ సంస్థ ప్యాక్స్ పెట్టినా రోగి పేరు, సంఖ్య రెండింటిలోనూ ఒకటే వచ్చేలా కలుపుతామని ఇప్పుడే ఒప్పందంలో రాయించండి. ఒకే రోగికి ఎక్స్‌రే గదిలో ఒక సంఖ్య, వార్డులో మరొక సంఖ్య ఉండడం వల్ల, ఒకరి సీటీని మరొకరిదిగా చదవబోయి చివరి నిమిషంలో ఆగిన సందర్భం నా కళ్లముందు జరిగింది.

గోదారిగట్టు

పది రోజుల తరువాత రాస్తున్నాను. లెక్కల_పద్దు గారు చెప్పినట్లు ఆరు నెలల క్లెయిములు తీయించాను. మా భార్య, నేను రెండు ఆదివారాలు కూర్చుని చూశాము. కోతలలో సగానికి పైగా మేము రాయనిదానికో, వేళలు కలవనిదానికో పడినవే. ఆ మొత్తం ఏడాదికి లెక్కగడితే, నేను యాప్ కోసం అనుకున్న డబ్బును మించింది. నా కుమారుడికి ఆ కాగితం చూపించాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నర్సింగ్ స్టేషనులో ఒక రాత్రి కూర్చుంటానని తనే అడిగి వెళ్లాడు. పొద్దున వచ్చి, అమ్మాయిలు ఒకే బీపీని మూడు చోట్ల రాస్తున్నారని చెప్పాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ వార్డులో రౌండ్లు చేస్తున్న నేను దానిని గమనించనందుకు బాధ కలిగింది.

నిర్ణయం ఇది. యాప్, కృత్రిమ మేధ ఇప్పుడు లేవు. మొదట వైఫై, నకళ్ల ఏర్పాటు, విడివిడి పాస్‌వర్డులు. తరువాత ఒక్క ఆడవారి సర్జికల్ వార్డులో, 14 పడకలలో, బండి మీద ట్యాబ్లెట్లతో కొత్త సాఫ్ట్‌వేరు. మూడు నెలలు నడిచిన తరువాతనే మిగిలిన వార్డులకు వెళతాము, ఆ తరువాతనే ప్యాక్స్. అదనపు నర్సుల జీతానికి నాలుగు లక్షలు విడిగా పెట్టాను. ముగ్గురు అమ్మకందారులలో ఒకరు డేటాబేసు పాస్‌వర్డు ఇవ్వడం కుదరదన్నారు, వారిని వదిలేశాము.

రాత్రి_డ్యూటీ గారూ, ఒక సహాయం. మొదటి రోజున ఏ రిజిస్టర్లను బీరువాలో పెట్టాలో మీ అనుభవంతో చెప్పగలరా?

రాత్రి_డ్యూటీ

సంతోషం డాక్టరు గారూ. వైటల్స్ చార్టు, ఇన్వెస్టిగేషను రిజిస్టరు, ఓవర్ పుస్తకం మొదటి రోజునే తీసేయండి. ఓవర్ పుస్తకం తీసేటప్పుడు ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరును పక్కన కూర్చోబెట్టుకుని, అందులో ఆవిడ రోజూ రాసే విషయాలన్నీ తెర మీద ఎక్కడ ఉన్నాయో ఒక్కొక్కటే చూపించమనండి. ఏదైనా ఒకటి కనిపించకపోతే, అది చేర్చేదాకా పుస్తకం తీయకండి. మత్తుమందుల రిజిస్టరు చట్టానికి సంబంధించినది, దానిని అలాగే ఉంచండి. మందుల ఇండెంటు పుస్తకం మొదటి నెల ఉండనివ్వండి. ఫార్మసీ వైపు తెర కుదురుకోకముందే దానిని తీసేస్తే, రాత్రి రెండింటికి ఇంజెక్షను కోసం నర్సు మెట్లు దిగి వెళ్లవలసి వస్తుంది, ఆ కాసేపు వార్డులో ఒక్కరే మిగులుతారు.

మొదలుపెట్టే తేదీ తెలియజేయండి. ఖమ్మం నుంచి ఒక రాత్రి ప్రయాణమే కదా, నాకు సెలవు దొరికితే మొదటి రెండు రాత్రులు వచ్చి మీ అమ్మాయిలతో ఉంటాను.